పడమర ముఖం చూడని బండి

ఇట్లా దగ్గరకు జరిగి కూర్చోండి నాయనలారా. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. లోపల మీ అమ్మ వేరుశనక్కాయలు వేయిస్తోంది. అవి వచ్చేలోపు మొదలుపెడితే తినేసరికి ముగింపుకు వస్తాను. మధ్యలో "ఇదంతా నిజమేనా తాతా?" అని మాత్రం అడ్డం రావద్దు. కల్పించేవాడైతే ఇంతకంటే నమ్మేట్టు కల్పిస్తాడు. నిజం కాబట్టే ఇంత వంకరగా ఉంది.

నేను చదివింది రెండో తరగతి. ఆ తర్వాత చదివినవన్నీ కమాను పట్టీలే. లారీల కింద, వ్యాన్ల కింద ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులాగా వంగి, బండి బరువంతా మోస్తుంటాయే ఇనప పట్టీలు, అవి. చిలకలూరిపేటలో హైవే పక్కన ఒక షెడ్డులో, బండ్ల కింద వెల్లకిలా పడుకునే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే నాకు మనుషుల ముఖాల కంటే వాళ్ళ చెప్పులు బాగా గుర్తు.

షెడ్డు యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. టైర్ల పని ఆయనది, పట్టీల పని నాది. భాయ్‌కి ఒకటే నియమం. వచ్చినవాడు చెప్పింది చెయ్యాలి, ఎందుకని అడగకూడదు. "అడిగితే చెప్తారు. చెప్తే వినాలి. వింటే మనకు మతిపోద్ది" అనేవాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా నా పాదం మీద తన పాదం పెట్టి తొక్కేవాడు. నా కుడికాలి బొటనవేలు ఇవాళ్టికీ కాస్త చదునుగా ఉంటుంది చూడండి, అది ఆయన చలవే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మిరప కోతలు ఇంకా మొదలవని రోజుల్లో, ఒక ఆసామి పికప్ వ్యాను వేసుకుని వచ్చాడు. మాకు తూర్పున నల్లరేగడి పొలాలున్న ఊళ్ళో మిరప, పత్తి పండించే మనిషి. పక్క సీట్లో ఆయన భార్య, ఆమె ఒళ్ళో ఒక అట్టపెట్టె. ఆసామి దిగీ దిగగానే చంకలోంచి ఒక క్యాలెండరు కాగితం తీసి నా ముఖం ముందు పరిచాడు. ఏదో పరాయి దేశపు ఎర్రకొండ మీద, నా నడుమెత్తు టైర్లతో, నేలకు సమంగా నిలబడ్డ పికప్ బొమ్మ.

"మేస్త్రీ, నా బండి ఇట్టా నిలబడాల."

"ఇప్పుడు బాగానే నిలబడింది గదండీ."

"ఏం బాగు? సరిగ్గా చూడు. ముందుకు వంగి లేదూ?"

వంగే ఉంది. సరుకు మోసే బండి ఏదైనా ఖాళీగా ఉన్నప్పుడు తోక ఎత్తుగా, ముక్కు కిందికే ఉంటుంది. బరువు పడితే వెనక పట్టీలు అణిగి సమానమవుతుంది. ఆ మాటే చెప్పాను.

"సరుకేసినప్పుడు ఎవడు చూస్తాడయ్యా బండిని? సరుకునే చూస్తారు. ఖాళీగా ఉన్నప్పుడే గదా జనం బండిని చూసేది!"

అట్టపెట్టె విప్పాడు. మద్రాసులో పాత విదేశీ సామాన్లు అమ్మే బజారు నుంచి ఎవరిచేతో తెప్పించాడట. లోపల రెండు ఇనప దిమ్మలు, పొడుగాటి బోల్టులు. "లెవెలింగ్ కిట్టు" అన్నాడు, పిల్లవాడి పేరు చెప్పినట్టు. ముందు ఇరుసుకూ పట్టీలకూ మధ్య ఆ దిమ్మలు పెట్టి బిగిస్తే ముక్కు పైకి లేస్తుంది. దాని కింద పెద్ద టైర్లు పడతాయి. పని తెలిసిందే. భాయ్ పాదం నా పాదం మీదికి వస్తూనే ఉంది, అయినా నా నోరు ఆగలేదు. "ఎందుకండీ ఇదంతా?" అన్నాను.

ఎందుకంటే, ఆయన భార్యకు ఒక అన్న ఉన్నాడు. ఈయనకు బావ. పక్క వీధే, పక్క పొలమే. బండి కొన్న రోజున ఊరంతా పోగై కొబ్బరికాయ కొడుతుంటే, ఆ బావ బండి చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఏం బావా, నీ బండి ముక్కు నేలకేసి నడుస్తోంది. ఏం పోగొట్టుకుందీ, వెతుక్కుంటోంది?" అన్నాడట. ఊరంతా నవ్వారట. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు.

అక్కడితో అయితే బాగుండేది. చినుకు పడితే నల్లరేగడి సంగతి మీకు తెలుసు, చెప్పులు ఊడబెరుక్కుంటుంది. పొలానికి పోయే డొంకలో ఈయన బండి కూరుకుపోయేది. కూరుకుపోయినప్పుడల్లా ఆ బావే ట్రాక్టరు వేసుకుని వచ్చేవాడు. మాట్లాడడు. ట్రాక్టరు వెనక మోకు కట్టి, బండిని బయటికి లాగి, మోకు విప్పుకుని పోయేవాడు. లాగినంతసేపూ ఈయనకు కనిపించేది ఆయన వీపు.

"ఆ వీపు చూడలేక చస్తన్నా మేస్త్రీ" అన్నాడు ఆసామి. "పెద్ద టైర్లెయ్యి. ఆ మోకు నా బండిని మళ్ళీ తాకగూడదు."

ఆయన భాయ్‌తో టైర్లు చూడడానికి లోపలికి వెళ్ళాక, ఆవిడ నా దగ్గరకు వచ్చింది. నేను అప్పటికే బండి కింద ఉన్నాను. కాలి మట్టెలు, పసుపు అంచు చీర మాత్రం కనిపిస్తున్నాయి.

"మేస్త్రీ, ఇవి బిగిస్తే ఇంక దిగబడదా?"

"దిగబడదమ్మా."

మట్టెలు ఒక అడుగు దగ్గరకు జరిగాయి.

"మా పుట్టింటి నుంచి మా ఇంటికొచ్చేది ఇప్పుడు ఆ మోకు ఒక్కటే మేస్త్రీ. అదీ రాకపోతే ఇంక ఏమొస్తది?"

నాకు పట్టీ విరిగితే అతకడమే తెలుసు. బండి కింద నుంచి బయటికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళి సీట్లో కూర్చుంది, ఏమీ అననట్టే.

సాయంత్రానికి దిమ్మలు బిగించాం, టైర్లు ఎక్కించాం. మలుపు తిప్పితే టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటుంటే భాయ్ సుత్తితో ఆ అంచును లోపలికి మడిచాడు. బండి ఏనుగులా లేచింది. కానీ ఆసామికి నమ్మకం చిక్కలేదు. కంటితో చూసిన సమం ఏం సమం, కొలిచి చూపించమన్నాడు. పక్క స్థలంలో గోడ కడుతున్న తాపీమేస్త్రిని భాయ్ కేకేశాడు. ఆయన సున్నం చేతులతో, రసమట్టంతో వచ్చాడు. ముందుగా మా షెడ్డు నేలను చూసి, "ఈ నేలకు వాటం ఉంది, నీళ్ళు కాలవలోకి పోవాలని నేనే పెట్టా. దీని మీద కొలిస్తే మోసమే" అని, బల్లచెక్కలు వేయించి బండిని వాటి మీద నిలబెట్టించాడు. ఇంటి పునాదికి పెట్టినంత శ్రద్ధగా అన్ని వైపులా రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది.

"సమం. అద్దంలాగుంది" అన్నాడు.

ఆసామి ముఖం వెలిగిపోయింది. అప్పుడు, సీట్లో కూర్చునే, కొంగు సవరించుకుంటూ, ఆవిడ మెల్లగా అడిగింది.

"అంతా బాగుంది. ఇంతకీ దీనికి ఈశాన్యం ఏ మూలండీ?"

షెడ్డులో గాలి కొట్టే యంత్రం కూడా ఆగినట్టయింది. ఈ ఆసామి ఎట్లాంటివాడో తర్వాత తెలిసింది నాకు. వాస్తు కోసం ఇంటి గేటు ఆ గోడకూ ఈ గోడకూ మార్చి మార్చి, ఒక వేసవంతా గోడ దూకి ఇంట్లోకి వెళ్ళిన మనిషి.

"అవును గదా" అన్నాడు ఆసామి. "ఈశాన్యం పల్లం ఉండాల గదా. అన్నీ సమం చేస్తే ఎట్టా?"

బండికి దిక్కులేమిటండీ, తిరిగేది కదా అందామని నోరు తెరిచాను. భాయ్ పాదం పడింది. అప్పటికే తాపీమేస్త్రి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. తీర్పు చెప్పే ముందు ఆయనకు అది అలవాటు.

"బండి ఇప్పుడు తూర్పుకు చూస్తోంది. తూర్పుకు చూస్తే ముందు ఎడమ చక్రం ఈశాన్యం. అది వేలు మందం దించాల. వెనక కుడి చక్రం నైరుతి. అది ఎత్తుండాల, బరువూ అక్కడే ఉండాల."

"బరువేస్తే అణుగుతుంది, ఎత్తెట్టా ఉంటుంది?" అన్నాను, పాదం తప్పించుకుని.

"అందుకే అక్కడ ఇంకో పట్టీ వెయ్యి."

వేశాను. ఎడమ దిమ్మను వేలు మందం అరగదీశాను. చేసేటప్పుడు నాకే సిగ్గేసింది, కానీ మళ్ళీ బిగించి చూస్తే ఏమాటకామాటే, పని మాత్రం నిక్కచ్చిగా వచ్చింది.

బండి ఎక్కబోతూ ఆసామి ఆగాడు. "మరి ఉత్తరానికి తిరిగితే?"

"అప్పుడా చక్రం వాయువ్యమవుద్ది. వాయువ్యం పల్లమైతే ప్రయాణాలెక్కువ. బండికి మంచిదే."

"దక్షిణానికి?"

"ఆగ్నేయం పల్లమైతే ఇంట్లో పోట్లాటలు."

"అయ్యెట్టాగూ ఉన్నయ్. పడమరకు?"

తాపీమేస్త్రి రసమట్టం సంచిలో పెట్టుకున్నాడు. "నైరుతి పల్లమవుద్ది. యజమానికి గండం. పడమరకు మాత్రం తిప్పబాక."

వాళ్ళ ఊరు మాకు తూర్పే కాబట్టి ఆ రోజుకు ఇబ్బంది లేకుండా వెళ్ళిపోయాడు. సీట్లో ఆవిడ ముఖం చూశాను. నవ్వుతోందో, ఎండకు కళ్ళు చికిలిస్తోందో చెప్పలేను.

కోతలు ముమ్మరమయ్యాక భాయ్‌కి ఫోను వచ్చింది. "బండి కింద ఏదో కిర్రుమంటోంది. మేస్త్రిని పంపు."

"బండినే తీసుకురా స్వామీ."

"ఎట్టా తెస్తా భాయ్? పేట మాకు పడమర గదా!"

భాయ్ ఫోను పెట్టేసి నా వైపు చూసి, "నే చెప్పలా? మతిపోద్దని" అన్నాడు.

బస్సు దిగి టీ బంకు దగ్గర ఆయన ఇల్లు అడిగాను. "ఎవరూ, వెనక్కి నడిచే బండాయనా?" అన్నాడు టీ కాచేవాడు. "ఆయన పొలం నుంచొస్తుంటే పోతున్నట్టుంటది. పోతుంటే నిజంగానే పోతాడు. వచ్చేటప్పుడు పలకరిస్తే వెళ్ళొస్తానంటాడో, వచ్చానంటాడో తేల్చుకోలేక చస్తన్నాం."

సంగతేమిటంటే, పొలం ఊరికి తూర్పున ఉంది. పొద్దున్నే బండి ముందుకు వెళుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పడమరకు ముఖం పెట్టకూడదు కదా, అందుకని తూర్పుకే చూస్తూ, డొంక పొడుగునా రివర్సులో వస్తాడు. ఊళ్ళో కుక్కలు కూడా అలవాటుపడి, ముందు నుంచి మొరగాలో వెనక నుంచి మొరగాలో తెలియక మానుకున్నాయి.

నేను వెళ్ళేసరికి కోత కూలీలు బండెక్కుతున్నారు. ఎక్కడమంటే మామూలు ఎక్కడం కాదు. ఆవిడ ఇంట్లోంచి ముక్కాలిపీట తెచ్చి వేస్తే, ముఠా పెద్ద దాని మీద నిలబడి ఒక్కొక్కరి నడుం పట్టి పైకి తోస్తోంది.

"ఏందయ్యా ఇది, బండా, మంచెనా?" అంది ఆసామితో. "పిట్టల్ని తోలడానికి పోతన్నామా, కాయలు కొయ్యడానికా? రేపటి నుంచి ఎక్కుడు కూలి వేరే ఇయ్యాల."

"ఎక్కవే, తొందరగా ఎక్కు. మబ్బు చూడు!"

మబ్బు నిజంగానే పట్టింది, కాలం కాని కాలంలో. నేనూ ఎక్కాను. దిమ్మ దగ్గర ఒక బోల్టు వదులైంది, అంతే. కల్లం దగ్గర పావుగంటలో బిగించేశాను. కానీ అప్పటికి కిర్రుమనే సంగతి ఎవరికి పట్టింది? కల్లం నిండా ఎండబెట్టిన కాయ, ఎర్రటి తివాచీ పరిచినట్టు. తడిస్తే తెల్లబడి, బూజుపట్టి, ఏడాది కష్టం పెంటపాలే. పక్క కల్లంలో బావ కాయ కూడా అట్లాగే ఉంది. ఆయన ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి, తన కూలీలతో గోతాలు కుక్కిస్తున్నాడు. రెండు కల్లాల మధ్య ఒక గట్టే అడ్డం. అటు కేకలు, ఇటు కేకలు. ఆ గట్టు మాత్రం ఏ కేకా దాటలేదు. ఆవిడ గోతం మూతి కుడుతూ అటు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసేది.

మా టిక్కీలన్నీ, అంటే కుక్కి కుట్టిన మిరప గోతాలన్నీ, బండికెక్కాయి. నైరుతిలో బరువుండాలని కుడివైపే ఎక్కువ పేర్పించాడు మహానుభావుడు. పైన పట్టా కప్పి, ఆ పట్టా మీద ఆడవాళ్ళు ఎక్కారు. ఆవిడ అందరికంటే పైన నిలబడింది. తొలి చినుకులు పడ్డాయి. బండి డొంకలోకి దిగింది, వెనక్కి.

ఆసామి పక్కన నేను కూర్చున్నాను. వెనక గోతాలు కొండలాగా ఉన్నాయి, అద్దాల్లో ఏమీ కనిపించదు. దారి చెప్పేది పైనున్న ఆవిడ గొంతే. "ఎడమకు, ఎడమకు! చాలు! ఇప్పుడు తిన్నగా!" వినడం ఆమెను, చూడడం ముందుకు. ఆ ముందు ఏముంది? మా తర్వాత బయల్దేరిన బావ ట్రాక్టరు మా వెంటే వస్తోంది. మా బండి ముక్కుకు దాని ముక్కు ఎదురుగా ఉంది. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు, రెండూ ఇంటికే. ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు, మధ్యలో ఒక అద్దం, నాలుగు చినుకులు. బావ ఆకాశం వైపు చూశాడు. ఆసామి అద్దం తుడిచే వైపరు ఆపేశాడు, నీళ్ళు నిండి ఏమీ కనిపించకూడదని.

వాన పెరిగింది. పెద్ద టైర్లు రేగడిని ముద్దలుగా చిమ్ముకుంటూ పోతున్నాయి. ఎక్కడా దిగబడలేదు. "చూశావా మేస్త్రీ!" అంటున్నాడు ఆసామి. అప్పుడే ఎదురుగా ట్రాక్టరు ఊగింది. ట్రక్కు చక్రం డొంక అంచున దిగబడి, ట్రాక్టరు వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. తిరిగిన కొద్దీ లోపలికి పోతున్నాయి. ట్రక్కులో ఆయన ఏడాది పంట. సగానికే పట్టా ఉంది.

ఆసామి ఆపలేదు. బండి వెనక్కి పోతూనే ఉంది. పళ్ళు బిగించి, తడిసిన అద్దంలోకి చూస్తున్నాడు.

అప్పుడు పైనుంచి గొంతు ఆగిపోయింది. ఎడమకు లేదు, కుడికి లేదు, తిన్నగా లేదు. ఆవిడ ఏడవలేదు, ఆపమనలేదు, అన్న పేరెత్తలేదు. ఊరికే దారి చెప్పడం మానేసింది.

"ఏందే? ఎటు?" అని అరిచాడు.

చూపు లేని బండి ఎటు పోతుంది? ఆపక తప్పలేదు. తర్వాత ఆసామి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎవరికో చెప్పినట్టు, "మేస్త్రీ, దిగి ఆ మోకు అడుగు" అన్నాడు.

"ఎవర్నండీ?"

"మోకున్నోణ్ణి అడుగు!"

దిగాను. రేగడి నా చెప్పులు రెండూ తీసుకుంది, ఇప్పటికీ ఇవ్వలేదు. బావ ట్రాక్టరు మీద వానలో తడుస్తూ కూర్చున్నాడు. "మోకిస్తారా?" అన్నాను.

"వాడడిగాడా?"

"ఆయనే పంపాడండీ."

సీటు కింద నుంచి మోకు తీసి, ఇవ్వబోయి, మళ్ళీ దగ్గరకు లాక్కుని, "నేను కట్టేవాణ్ణే గానీ కట్టించుకున్నోణ్ణి గాదు. జాగ్రత్తగా కట్టు" అన్నాడు.

కట్టాను. మీలో స్టీరింగు పట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. బండికి రివర్సు గేరులో ఉండే లాగుడు మిగతా గేర్లలో ఉండదు. పైగా మా తాపీమేస్త్రి పుణ్యాన బరువంతా వెనక కుడి చక్రం మీద పడి, అది నేలను కరిచి పట్టుకుంది. ఆడవాళ్ళంతా దిగి ట్రక్కు నెట్టారు. "ఎక్కడం సగం కూలి, దిగడం సగం కూలి, నెట్టడం మేం పెట్టే చందా" అంది ముఠా పెద్ద. మోకు బిగిసింది. మా వెనక చక్రాలు వెనక్కి తిరుగుతూ, రేగడిని బండి కింద నుంచి ముందుకు చిమ్మాయి. చిమ్మింది చిమ్మినట్టు వెళ్ళి బావ ముఖం మీద, మీసం మీద, నోట్లో పడింది. ఆయన తుడుచుకోలేడు, రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి. కళ్ళు రెండూ తప్ప మనిషంతా నల్లగా అయిపోయాడు.

ఆసామి వైపరు వేశాడు. చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. నవ్వు ఆపుకోలేక హారను మీద తల వాల్చేశాడు. హారను మోగుతోంది, బండి లాగుతోంది, ఎదురుగా ఆ నల్లటి ముఖంలో తెల్లగా పళ్ళు కనిపించాయి.

గట్టి నేల మీదికి వచ్చాక మోకు విప్పబోతే ముడి తడిసి బిగిసిపోయింది. నా వేళ్ళకు రాలేదు. బావ వచ్చి వంగాడు, ఆసామి దిగి ఇటువైపు వంగాడు. ఇద్దరి తలలూ తాకేంత దగ్గర. ముడి లాగుతూ, తలెత్తకుండానే, బావ అన్నాడు:

"ఏం బావా, ఇంతకీ పోయింది దొరికిందా?"

ఆసామి కూడా తలెత్తలేదు.

"దొరికింది బావా. బాగా బురదయింది. ఇంటికి రా, కడుగుదాం."

గోతాల మీదికి మళ్ళీ ఎక్కిన ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తిన్నగా! ఇప్పుడు తిన్నగా పోనియ్యండి!" అని అరిచింది.

ఆ మరుసటి ఏడు బండి మా షెడ్డుకు వచ్చింది, ముందుకే నడుచుకుంటూ, పడమరకు ముఖం పెట్టి. దోషం సంగతేమైందని అడగబోతే భాయ్ చూశాడు, ఊరుకున్నాను. బండి వెనకే ట్రాక్టరు కూడా వచ్చి ఆగింది. బావ దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, మెల్లగా నా దగ్గరకు వచ్చి, గడ్డంతో తన ట్రాక్టరు వైపు చూపి, "మేస్త్రీ, దీనికి ఈశాన్యం ఏ మూల?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. భాయ్ నా పాదం తొక్కాడు.

అదిగో, వేరుశనక్కాయలు వచ్చాయి. తీసుకోండి, వేడిగా ఉన్నాయి. మీ ఇంటి గుమ్మం ఏ దిక్కుకున్నా సరే, మీ మనుషులు దాన్ని దాటి లోపలికి వస్తూ ఉండాలి. ముందుకు నడిచొచ్చినా, వెనక్కి నడిచొచ్చినా, మీ ఇంట్లో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, కూర్చోడానికి చోటు, నవ్వుకోడానికి ఒక పాత తగాదా ఎప్పుడూ ఉండాలి. చల్లగా ఉండండి.